పాతిక నిమిషాల విమర్శకుడు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టగానే చదివేవాళ్ళు కిరసనాయిలు దీపాలూ, ఎడ్లబళ్ళూ ఊహించుకుంటారని నాకు తెలుసు. నేను చెప్పే ఆ రోజులు అంత పాతవేం కావు, ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. తిరువూరులో అప్పటికే ప్రతి చేతిలోనూ ఒక ఫోను, ప్రతి ఫోనులోనూ ఒక ఆట ఉండేవి. ఆ ఆటల మీద తీర్పు చెప్పగల మనిషి మాత్రం ఊరు మొత్తానికి ఒక్కడే ఉన్నాడని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఆ ఒక్కడూ మా మేడ మీది గదిలో కాపురముండేవాడు. డిగ్రీ అయి ఏడాది దాటినా ఏ ఉద్యోగమూ రాక, రెండు పూటలా అమ్మ చేతి అన్నం తిని, మిగిలిన పొద్దంతా కంప్యూటరు ముందు కూర్చుని, ప్రపంచంలో విడుదలైన ప్రతి వీడియో గేములోనూ ఏదో ఒక లోపం పట్టి ఇంటర్నెట్టులో తిడుతుండేవాడు. నాన్న భాషలో ఆ పనిని ఖాళీగా ఉండటం అనేవారు. నా భాషలో అది విమర్శ.

ఇలా ఉండగా, ఆటల గురించి తెలుగులో రాసే ఒక చిన్న వెబ్‌సైటు వాళ్ళు రాసేవాళ్ళు కావాలని విజయవాడ నుంచి ప్రకటన ఇచ్చారు. నేను నా తిట్లలో మేలైనవి నాలుగు ఏరి పంపాను. ఎడిటర్ మేడమ్ ఫోను చేసి, "నీ భాష బాగుందయ్యా. మూడు నెలలు రాయి, చూద్దాం. నచ్చితే ఉంచుకుంటాం, లేకపోతే ఏమీ అనుకోకు" అన్నారు. ఈ వార్త విని నాన్న కాసేపు మీసం దువ్వుకుని, "సరే, మూడు నెలలు. ఆ తర్వాత వాళ్ళు ఉంచుకోకపోతే రెడ్డిగూడెం వెళ్ళి మీ మామయ్య పురుగుమందుల కొట్లో కూర్చోవాలి. మళ్ళీ మాట మార్చకూడదు" అన్నారు. మామయ్య కొట్టు నేను ఎరుగుదును. గుమ్మంలో అడుగు పెడితే చాలు, కళ్ళు మండేవి. పైగా మామయ్య నూరు మాటలు మాట్లాడితే తొంభై పత్తికి పట్టే పురుగు గురించే (మిగతా పది నాకు పట్టిన బద్ధకం గురించి). అందుకని ఆ మూడు నెలలూ నా పంచప్రాణాలూ ఆ ఉద్యోగం మీదే పెట్టుకున్నాను.

విమర్శకుడన్నాక కొంచెం దర్జా ఉండాలి కదా. అమ్మను బతిమాలి, కింద చక్రాలుండి గుండ్రంగా తిరిగే ఆఫీసు కుర్చీ ఒకటి తెప్పించుకున్నాను. చెవులు పూర్తిగా మూసుకుపోయే హెడ్‌ఫోన్లు పెట్టుకునేవాణ్ణి. కిటికీలు వేసి, తలుపు గడియ పెట్టి, చీకట్లో ఆడితే గాని ఆట సారం ఒంటబట్టదని నా సిద్ధాంతం. "ఒరేయ్, అన్నానికి రారా" అని అమ్మ కింద నుంచి గంట సేపు పిలిస్తే, హెడ్‌ఫోన్లు తీసి, "పనిలో ఉన్నానమ్మా" అని గంభీరంగా బదులిచ్చేవాణ్ణి. మొదటి నెలలోనే నా కలానికి తగిన ఆట ఒకటి దొరికింది. ఎక్కడో పరాయి దేశంలో తయారైన ఆట అది. పొగమంచులో ఒక మనిషి నడుస్తూ ఉంటాడు. శత్రువులుండరు, మాటలుండవు, ఆరేడు గంటలు నడిచాక ఒక దీపం కనిపిస్తుంది. నేను దానికి ఐదు స్టార్లిచ్చి, "ఇందులోని నిశ్శబ్దమే సంగీతం" అని ముగించాను. ఆ వాక్యం నేనే పదిసార్లు చదువుకున్నాను. ఎంత బాగా రాశానో అనుకుని అద్దంలో కూడా చూసుకున్నాను.

ఇక్కడ మా పిన్ని గురించి చెప్పాలి. అమ్మకు చెల్లెలు, మా పక్క వీధిలోనే ఇల్లు, గంపలగూడెం బళ్ళో లెక్కల టీచరు. రోజూ పొద్దున ఎనిమిది గంటల బస్సుకు వెళ్ళి సాయంత్రం వచ్చేది. మా ఊళ్ళో నా రాతలు చదివే పాఠకులు ఎంతమందీ అంటే, పిన్ని. ఆ రివ్యూ వచ్చిన రెండో రోజున బడి సంచీ భుజాన ఉండగానే మా ఇంటికొచ్చింది.

"ఏరా, నువ్వు ఐదు స్టార్లిచ్చావని ఆ పొగమంచు ఆట వేసుకున్నా. తిరువూరులో బస్సెక్కినప్పుడు నడవడం మొదలెట్టాడు ఆ పెద్దమనిషి, గంపలగూడెంలో దిగేదాకా నడుస్తూనే ఉన్నాడు. ఎక్కడికయ్యా అని అడగటానికి ఒక్క మనిషీ ఎదురురాడేంట్రా?"

"అది ఒంటరితనం పిన్నీ. ఆడకూడదు, అనుభవించాలి."

"అనుభవించాన్లే. ఫోను కాలిపోతుంటే కొంగుతో పట్టుకుని మరీ అనుభవించా. కిటికీలోంచి ఎండ కొట్టి, ఆ తెర మీద నా మొహం తప్ప ఇంకేం కనపళ్ళేదు" అంది. నేను జాలిగా నవ్వాను. సామాన్యులకు కళ అంత సులభంగా అందదని సరిపెట్టుకున్నాను.

మూడో నెల మొదట్లో "కాస్త జరగండి" అనే ఆట వచ్చింది. మన రాష్ట్రంలోనే ఎవరో ఇద్దరు కూర్చుని తయారు చేశారట. ఒక పల్లె బస్సు ఉంటుంది. స్టాపులో జనం ఎక్కుతుంటారు: చంటిపిల్ల తల్లులు, బస్తాల వాళ్ళు, కోళ్ళగంప మోసుకొచ్చేవాళ్ళు, కాలేజీ పిల్లలు. వేలితో ఒక్కొక్కరినీ లాగి సీట్లలో సర్దాలి. అందరూ సర్దుకుంటే బస్సు కదులుతుంది, లేకపోతే లోపల గొడవ పడతారు, బస్సు ఆగిపోతుంది. అంతే ఆట. వారం తిరిగేసరికి ఊళ్ళో ఎక్కడ చూసినా అదే. మంగలి షాపులో అదే, మీసేవలో క్యూలో అదే. లోకమంతా మెచ్చిన దాన్ని మెచ్చుకుంటే ఇక విమర్శకుడు ఎందుకు? కుర్చీలో కూర్చుని, కంప్యూటరులోకి ఎక్కించుకుని, పాతిక నిమిషాలు ఆడాను. ఏడు లెవెళ్ళయ్యాయి. ఆపేసి రాయడానికి మాత్రం మూడు గంటలు తీసుకున్నాను.

ఏం రాశానో ఇప్పుడు చెప్పాలంటే నోరు రావడం లేదు గాని, చెప్పక తప్పదు. "కథ లేదు, కళ లేదు. ఒక్క బొటనవేలితో ఆడేసేదాన్ని ఆట అనడమే తప్పు. మాటిమాటికీ ప్రకటనలు. మొదటి లెవెలు ఎలా ఉందో చివరి లెవెలూ అలాగే ఉంటుంది. దీన్ని ఇష్టపడేవాళ్ళకు ఆట అంటే ఏమిటో తెలియదని జాలితో చెప్పవలసి వస్తోంది." (చివరి లెవెలు సంగతి నాకెలా తెలిసిందని మీరు అడగవచ్చు. అప్పటికి నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.) ఒకటిన్నర స్టారు ఇచ్చాను. ఆ అర కూడా బస్సుకు వేసిన రంగు బాగుందని.

మర్నాటికి రివ్యూ కింద కామెంట్లు చీమల బారులా వచ్చాయి. "మా అమ్మమ్మ ఆడుతోంది. ఆవిడకి ఆటంటే తెలీదని నువ్వే వచ్చి చెప్పు, అడ్రసు పెడతా" అని ఒకడు. "ఈయన జన్మలో బస్సెక్కినట్టు లేడు" అని ఇంకొకావిడ. అన్నిటికన్నా ఎక్కువసార్లు కనపడింది మాత్రం ఒకటే ప్రశ్న: "అన్నా, ఇరవయ్యో లెవెలు చూశావా?" నేను వాళ్ళందరినీ మనసులోనే క్షమించేస్తున్న సమయంలో మేడమ్ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. గురువారం పొద్దున.

"ఎన్ని లెవెళ్ళు ఆడావు?" అన్నారు.

కాసేపు దగ్గాను. "ఏడు మేడమ్."

"మొత్తం ఎన్నున్నాయి?"

"తెలీదు మేడమ్."

"అరవై. ఇరవైలో ఆట మారుతుంది. చూడు, నువ్వు తిట్టినందుకు నాకేం బాధ లేదు, రేపు ఇంకోదాన్ని తిట్టు. ఆడకుండా ఆడినట్టు రాశావు, అదీ బాధ. సోమవారం కల్లా పూర్తిగా ఆడి మళ్ళీ రాయి. అప్పుడూ బాగాలేదనిపిస్తే బాగాలేదనే రాయి. లేదంటే ఇక్కడితో ఆపేద్దాం" అని, కోపంగా కాకుండా, మందులషాపులో చీటీ చదివినట్టు చెప్పి పెట్టేశారు. నాకు ఒక్కసారిగా మామయ్య కొట్లో వాసన ముక్కుకు తగిలింది.

తలుపు గడియ పెట్టి మొదలుపెట్టాను. పద్దెనిమిది దాకా ఎలాగో వెళ్ళాను. పంతొమ్మిదో లెవెలు కదిలితే ఒట్టు. సీట్లన్నీ నింపుతాను, ఒక్క అంగుళం వృథా పోనివ్వను, అయినా చివర్లో ఎవరో ఒకరు లేచి గొడవ పెట్టుకుంటారు, బస్సు ఆగిపోతుంది. భోజనాల వేళ దాకా ఆడాను, సాయంత్రం దాకా ఆడాను. ప్రపంచంలో మేటి ఆటలన్నీ చీల్చి చెండాడిన నన్ను ఒక పల్లె బస్సు పంతొమ్మిదో మెట్టు మీద కూలేసింది. పొద్దు గూకే వేళకు అహంకారం చంపుకుని పిన్ని ఇంటికి వెళ్ళాను. పిన్ని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. జరిగిందంతా చెప్పాను. ఏడు లెవెళ్ళ సంగతి మాత్రం కొంచెం గొణిగాను.

ఎర్ర పెన్ను పక్కన పెట్టి, "ఒరేయ్, నేను ఈ పేపరు మొదటి పేజీ చదివి మార్కులేసి కట్ట కట్టేస్తే మా హెడ్మాస్టరు ఊరుకుంటాడా?" అంది.

"ఊరుకోడు."

"పిల్లలు ఊరుకుంటారా?"

"తప్పయిపోయింది పిన్నీ. ఆ పంతొమ్మిది దాటించు చాలు."

"ఇంట్లో కుర్చీలో కూర్చుంటే రాదురా అది. రేపు పొద్దున నాతో బస్సెక్కు" అంది. ఇంకొక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండేది.

శుక్రవారం ఎనిమిది గంటల బస్సు. సీటు లేదు. పిన్ని ఒక చేత్తో పై రాడ్డు పట్టుకుని, ఇంకో చేతిలో ఫోను పట్టుకుని, బొటనవేలితో టకటకా ఆడటం మొదలుపెట్టింది. నేను రెండు చేతులతో ఫోను పట్టుకున్నాను. డ్రైవరు బ్రేకు వేశాడు. నేను వెళ్ళి జామకాయల గంప పెట్టుకున్న ఒక ముసలాయన ఒళ్ళో కూర్చున్నాను. "నా మీద పడ్డావు, కాయల మీద పడలేదు, అదే పదివేలు. లే బాబూ" అన్నాడాయన. ఒక్క బొటనవేలితో ఆడేది ఆటే కాదని రాసిన మహానుభావుడికి రెండో చెయ్యి దేనికో అప్పుడు అర్థమైంది. బస్సులో మనిషికి ఆడుకోవడానికి మిగిలేది ఒక చెయ్యే. ఆ సంగతి ఆట తయారుచేసిన ఇద్దరికీ తెలుసు, ఆడేవాళ్ళందరికీ తెలుసు. తీర్పు చెప్పే నాకే తెలియలేదు.

ఆ బస్సులో ఇంకో పద్ధతి చూశాను. పిన్ని ఒక లెవెలు ముగించి ఫోను వెనక సీటుకు ఇచ్చేసింది. అక్కడ పత్తి తీతకు పదిమందిని వెంటేసుకుని వెళ్ళే పెద్దావిడ ఉంది, అందరూ మేస్త్రమ్మ అంటారు. ఆవిడ ఒక లెవెలు ఆడి పక్కావిడకు ఇచ్చింది. అలా ఫోను బస్సంతా తిరుగుతోంది. మనిషికో లెవెలు, గంపలగూడెం వచ్చేసరికి తిరిగి టీచరు గారి చేతికి. రోజూ ఇంతేనట. కండక్టరు టికెట్లు కొడుతూ నా దగ్గరికొచ్చి నన్ను ఎగాదిగా చూసి, "టీచరు గారి అక్క కొడుకు మీరేనా అండి? మాకు ఆటంటే తెలీదని రాసింది మీరే కదండీ?" అన్నాడు ఎంతో మర్యాదగా. నేను నేల చూపులు చూశాను. "పోన్లెండి, టికెట్టు కొట్టడం తెలుసు మాకు, అదన్నా కొట్టనివ్వండి" అన్నాడు. బస్సంతా నవ్వింది. ముసలాయన అయితే కాయలు ఊగేలా నవ్వాడు.

"చాల్లెండి, పిల్లాణ్ణి ఆడనివ్వండి" అని పిన్ని నా ఫోనులో పంతొమ్మిదో లెవెలు తెరిచి చేతిలో పెట్టింది. నేను నా ఇంట్లో లెక్క ప్రకారం సర్దడం మొదలుపెట్టాను. వెనక నుంచి మేస్త్రమ్మ, "అదేంటయ్యా, చంటోణ్ణి మధ్యలో కూలేశావు? కిటికీ పక్కన పెట్టకపోతే వాంతి చేసుకోడూ?" అంది.

"అలాగని ఆటలో ఎక్కడా రాసిలేదండీ" అన్నాను.

"రాసుండేదేముంది, బస్సెక్కేవాళ్ళకి తెలవదా? ఆ ముసలాయన్ని ఆ మూలకి తోశావు, దిగేటప్పుడు ఎట్టా వస్తాడు? తలుపు దగ్గర పెట్టు. కోళ్ళగంప సీటు కిందకి తొయ్యి. ఆ బస్తాలాయన పక్కన ఆడపిల్లని పెట్టమాక."

"మనుషుల్ని బస్తాల్లా కుక్కుతున్నావురా, అందుకే గొడవ పడుతున్నారు" అంది పిన్ని. వాళ్ళు చెప్పినట్టే సర్దాను. బస్సు కదిలింది. ఇరవయ్యో లెవెలు వచ్చింది. సీట్లన్నీ నిండి ఉన్నాయి, స్టాపులో ఒక నిండు చూలాలు ఎక్కింది. ఎక్కడ పెట్టాలో తోచక వేలు గాల్లో ఆపాను. అప్పుడు నేను తలుపు దగ్గర కూర్చోబెట్టిన ఆ బొమ్మ ముసలాయన, నేను తాకకుండానే, తనంతట తను లేచి నిలబడి ఆవిడకు చోటిచ్చాడు. అతన్ని చూసి కాలేజీ కుర్రాడు లేచాడు. అంతవరకూ మనం మంచిగా చూసుకున్నవాళ్ళు అక్కడి నుంచి మనకు సాయం చేస్తారన్నమాట. వెధవ ఫోను ఆటకు కళ్ళలో నీళ్ళేమిటని మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. ఇంతలో ప్రకటన వచ్చింది. "ఇదిగో, ఇదే పిన్నీ నాకు నచ్చనిది" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"ప్రకటన వచ్చినప్పుడే కదరా తలెత్తి ఎక్కడిదాకా వచ్చామో చూసుకునేది. అది రాని రోజున స్టాపు దాటిపోయి ఫస్టు పీరియడు పోగొట్టుకున్నా" అని, సంచీ సర్దుకుంటూ తలుపు దగ్గరకు జరిగింది.

పిన్ని అటు వెళ్ళగానే మేస్త్రమ్మ నా చొక్కా పట్టి లాగింది. "అబ్బాయ్, నీకో మాట చెబుతా, ఆవిడతో అనమాక. నీ రాత వచ్చిన రోజున టీచరమ్మ బస్సెక్కంగానే, మా అక్క కొడుకు మన ఆట గురించి రాశాడు వినండి అని గట్టిగా చదవటం మొదలెట్టింది. ముందు తను చదువుకోలా. అందరం చెవులు రిక్కించుకుని విన్నాం. సగానికొచ్చేతలికి ఆవిడ గొంతు పోయిందయ్యా. మాకు ఆటంటే తెలీదన్న ముక్క ఉంది చూడు, అక్కడ. ఆపేసి, మా వైపు చూసి ఏమందో తెలుసా? పిల్లాడు ఇంకా ఆడుతున్నాడు, ఇది సగమే, మిగతా సగం రాయాల్సి ఉంది అంది."

గంపలగూడెంలో దిగాక పిన్నికి ఏదో చెప్పాలని నోరు తెరిచాను. "బెల్లు కొట్టేస్తారు, తర్వాత చెప్పు" అని గబగబా వెళ్ళిపోయింది. ఎండలో ఆ సంచీ ఊపుకుంటూ వెళ్తున్న పిన్నిని చూస్తూ బస్టాండులో చాలాసేపు నిలబడ్డాను. అప్పటిదాకా నా భయమంతా పురుగుమందుల కొట్టు గురించి. ఆ క్షణం నుంచి దాని ఊసే లేదు. మా పిన్ని అంతమంది ముందు నా కోసం ఒక అబద్ధం ఆడింది, దాన్ని నేను నిజం చెయ్యకపోతే ఎలా అన్నదే దిగులు.

శని, ఆదివారాలు రెండు రోజులూ తిరువూరు, గంపలగూడెం మధ్య బస్సుల్లోనే తిరిగాను (నాన్న అమ్మతో, "వీడికి కండక్టరు ఉద్యోగం వచ్చిందా ఏంటి?" అన్నారట). ముక్కూ మొహం తెలియనివాళ్ళు సలహాలిచ్చారు. ఆదివారం సాయంత్రానికి అరవై పూర్తయ్యాయి. మర్నాడు రాశాను. మొదటి వాక్యం, "నేను ఈ ఆటను పాతిక నిమిషాలు ఆడి, మొత్తం ఆడినట్టు రాశాను. అది సగం. ఇది మిగతా సగం." రాడ్డు పట్టుకున్న చెయ్యి గురించి రాశాను, కిటికీ పక్కన చంటోడి గురించి రాశాను, ఆట అంటే ఏమిటో తెలియనిది నాకేనని పేరు పెట్టి రాశాను. నాలుగు స్టార్లిచ్చాను. హారను మోత మాత్రం నిజంగానే తలనొప్పి, ఆ మాట కూడా దాచలేదు. మేడమ్ సాయంత్రానికి మెసేజి పెట్టారు: "హారను సంగతి కరెక్టే. వచ్చే నెల నుంచి నువ్వు మా మనిషివి."

నాన్న ఆ మెసేజి రెండుసార్లు చదివి, మామయ్యకు ఫోను చేసి ఇంకెవరినైనా చూసుకోమన్నారు. పిన్ని మాత్రం, "రేపు నాతో బస్సెక్కు" అంది. మళ్ళీ ఏమిటో అని భయపడుతూనే ఎక్కాను. బస్సు ఊరు దాటగానే పిన్ని ఫోను తీసి, గొంతు సవరించుకుని, బళ్ళో పాఠం చదివినట్టు నా రెండో రివ్యూ చదవడం మొదలుపెట్టింది. నేను సీటు కిందకు దూరిపోదామా అనుకున్నాను. ఇంజను రొద, గుంతల రోడ్డు, సగం మాటలు నాకే వినపడలేదు. ముసలాయన కునికిపాట్లు పడుతున్నాడు. కండక్టరు చిల్లర వెతుక్కుంటున్నాడు. ఈసారి పిన్ని గొంతు ఎక్కడా ఆగలేదు. చివరి అక్షరం దాకా చదివి, తలెత్తి అందరి వైపూ చూసింది. ఎవరేమంటారోనని చూస్తున్నాను.

"అయిపోయిందా టీచరమ్మా?" అంది మేస్త్రమ్మ. "అయితే ఫోను ఇటియ్యండి. ఇందాకట్నించీ నా వంతు."

నా మొహం ఎలా పడిపోయిందో, పిన్ని నా పక్కకొచ్చి, రాడ్డు పట్టుకుని, నాకు మాత్రమే వినపడేలా చెప్పింది: "అలా చూడకురా. పావుగంట నుంచి వాళ్ళ ఆట ఆపుకుని ఫోను నా చేతిలో ఉండనిచ్చారు. నిన్ను ఇంతకంటే బాగా చదివేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు?"

తర్వాత చాలా రాశాను, చాలామంది చదివారు, మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ పావుగంటతో తూగేది ఏదీ రాలేదు. పిన్నికి ఆ రోజు కృతజ్ఞతలు చెప్పలేదు. మా ఇళ్ళలో పిన్నులకు అలాంటివి చెబితే ఒంట్లో బాగాలేదా అని నుదురు పట్టి చూస్తారు. అందుకే ఇక్కడ, ఇంతమందిలో చెప్పుకుంటున్నాను. నా అన్నం పిన్ని పెట్టిందే, ఆ బస్సు పెట్టిందే. ఇప్పుడు నా పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నా మొదటి రోజుల రివ్యూలు వెతికి పట్టుకుని నా ముందే చదివి నవ్వుతుంటారు. నేనూ నవ్వుతాను, కొంచెం ముద్దొస్తాడు కూడా ఆ మేడ గది విమర్శకుడు. పాపం, ఆ ఎనిమిది గంటల బస్సు ఎక్కకముందు ఎంత తెలివైనవాడో.